అరబ్బీ కాగితం

డెబ్బైల మొదట్లో అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసేవాణ్ణి. కువైట్‌లో దుకాణం పెట్టాలనుకున్నాను. అక్కడి భాగస్వామి పంపిన ఒప్పందం అరబ్బీలో ఉంది. నాంపల్లిలో అరబ్బీ నేర్పే ముసలి మౌల్వీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

"దుకాణం ఆయన పేరు మీదనే ఉంటది బేటా. ఆయన పొమ్మంటే నువ్వు అన్నీ గాడనే ఇడిసి పోవాలె."

"గాయన మంచోడేనా సాబ్?" అని పిచ్చివాడిలా అడిగాను.

"గది కాగితంల రాయలే."

ఇంట్లో చెబితే మా ఆవిడ భయపడిపోయింది. "గిట్లాంటి దాని మీద దస్కత్ పెడ్తరా?"

ఆమె మాట వినకుండా సంతకం పెట్టాను. ఆ మనిషి నన్ను ఒక్కనాడూ పొమ్మనలేదు. అయినా అక్కడున్న ఆరేళ్లూ, రోజూ పొద్దున దుకాణం తాళం తెరుచుకునేదాకా నా గుండె దడదడలాడుతూనే ఉండేది.