ముక్కల్లేని పులుసు

కాఫీ తోటలో రక్తం పీల్చే పిడుదు పురుగు కరిచినప్పటి నుంచి నాకు మేకమాంసం పడదు; దాని కాటుకు అలా అవుతుందని డాక్టరే చెప్పాడు. తిన్న మూడు నాలుగు గంటలకు ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి. ముందే చెప్పినా, పోయిన ఏడాది పండుగనాడు అరకులో తన ఇంట్లో మేనత్త నాకు మేకమాంసం కూర తెచ్చింది.

“ముక్కలన్నీ తీసీసి పులుసే ఏసేనురా, బేగి తినీ!”

పులుసు ఏం చేస్తుందిలే అని తిన్నాను. సాయంత్రానికి గొంతు వాచి ఊపిరాడలేదు. అత్త కొడుకు, మా బావ, నన్ను బైకెక్కించుకుని ఘాట్ రోడ్డు మీద ఆసుపత్రికి దూసుకెళ్ళాడు.

“ఏటిరా, ఒక్క జోకైనా ఎయ్యి!” అని దారంతా ఏడ్చాడు. నాకు మాట రాలేదు. మా బంధువుల్లో ఎవరైనా నా మౌనం చూడటం అదే మొదటిసారి.

ఇంజక్షన్ పనిచేశాక ఎదురుగా అత్త కనిపించింది. “అత్తా, పులుసులో ఉప్పు తగ్గింది” అన్నాను. నవ్వబోయి బోరుమంది.

ఇప్పుడు నాకు గిన్నె, గరిటె వేరే. వాటిని ఎవరూ ముట్టకుండా అత్త దేవుడి పటాల పక్కన పెడుతోంది. ఆ ఇంట్లో నాకింత గౌరవం తెచ్చింది పిడుదే.