ఎదుర్కోలులో ఏడు దెబ్బల దరువు

ఆ రోజుల్లో, అంటే తొంభైల్లో, ఇంటర్ లెక్కల్లో తప్పి జడ్చర్లలో ఊరికే తిరుగుతున్న నన్ను రెండు చోట్లు ఆదుకున్నాయి. ఒకటి మా మేనమామ బ్యాండుమేళం, అందులో నాది డ్రమ్ము. రెండోది బస్టాండు పక్కన కేసెట్ల భాయి దుకాణం. భాయి హైదరాబాదు నుంచి ఎవరూ కొనని ఇంగ్లిషు కేసెట్లు తెచ్చి నాకు వినిపించేవాడు. ఒకదాంట్లో ఒక పక్కంతా ఒకటే పాట. మధ్యలో ఆర్గాన్ వచ్చేది, దరువు మారేది, మనం చాయ్ తాగొచ్చినా అది అయ్యేది కాదు. ఇంకోదాంట్లో రెండు గిటార్లూ ఒక డ్రమ్మూ ఉండేవి, పాడేవాడే లేడు. ఎనిమిది దెబ్బలు పడతాయనుకుంటే ఏడుకే దరువు మళ్లీ మొదలయ్యేది. (మొదటిది ప్రోగ్రెసివ్ రాక్ అనీ, రెండోది మ్యాథ్ రాక్ అనీ చాలా ఏళ్లకు తెలిసింది. లెక్కల్లో తప్పినవాడికి నచ్చాల్సిన పేరేనా అది?) వీటికి చుట్టరికం ఏమిటని అడిగితే భాయి, "ఒక్క ఇంటి పిల్లలే. పెద్దోడు దరువు మార్సుకుంట పెద్ద కథ జెప్తడు. చిన్నోడు కథ ఇడిసిపెట్టి గా మార్సుడే పట్టుకున్నడు" అన్నాడు.

నాకు ఆ చిన్నవాడి పిచ్చి పట్టింది. సరిగ్గా అప్పుడే పాలమూరులో పెద్దింటి పెళ్లికి మేళం కుదిరింది. అది బాగా జరిగితే ఎండాకాలమంతా పిలుపులు మనకేనని మామ ఆశ. "జర నీ ఉషారు ఆడ సూపియ్యకు. తప్పు కొట్టినవనుకో, డ్రమ్ము దించి మీ బాపు ఎంబడి గొర్లకు పోవాలె" అన్నాడు. ఆ మాటతో నాకు అన్నం సయించలేదు. మామంటే కాదు, నా చేతులంటేనే నాకు భయం.

మగపెళ్లివారి బస్సు ఆగింది. ఎదుర్కోలుకని ఆడపెళ్లివారు మేళంతో ఎదురెళ్లారు. పెళ్లికొడుకు బావ, అంటే అక్క మొగుడు, దస్తీ గాల్లో తిప్పుతూ తీన్మార్ ఆట అందుకున్నాడు. కాసేపు బుద్ధిగానే కొట్టాను. తర్వాత చేతులు వాటంతట అవే ఏడుకు తిరిగాయి. బావ కాలు ఇంకా పైన ఉండగానే దరువు కింద పడింది, వెంటనే బావా పడ్డాడు. ఆడపెళ్లివారి పిల్లలు నవ్వారు. ఆయన దుమ్మయినా దులుపుకోకుండా వెళ్లి బస్సెక్కి కూర్చున్నాడు. పిల్ల తరఫువాళ్లు కావాలనే మేళంవాడితో తనను పడగొట్టించారట. ఆయన వెనకే ఆయన భార్య, తమ్ముడి చెయ్యి పట్టుకుని మళ్లీ బస్సెక్కింది. తమ్ముడంటే పెళ్లికొడుకే. లగ్నం దగ్గరపడుతోంది. మామ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరవలేదు.

గొర్రెలు కళ్లముందు మేస్తుండగా నేనే బస్సెక్కాను. పిల్ల తరఫువాళ్ల తప్పేమీ లేదనీ, అది కేసెట్‌లో విన్న దరువనీ చెప్పాను. బావ కొట్టమన్నాడు. సీటు వెనక రేకు మీద వేళ్లతో కొట్టాను. బావ ముందు సీటు మీద చేత్తో అందుకోబోయి ఎన్నిసార్లు తప్పాడో! చివరికి ముఖం విప్పార్చి, "నీ దరువే ఖరాబున్నది, నా కాలు కాదు. గది అందరి ముంగట జెప్పు" అన్నాడు. చెప్పాను. అందరూ దిగారు. మామ నన్ను గొర్రెలకు పంపలేదు గానీ, డ్రమ్ము తీసుకుని ఆ ఎండాకాలమంతా చేతికి కంచు తాళాలిచ్చాడు.

ఇప్పుడు ఆ పాటలు ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. ఇంట్లో పెట్టినప్పుడు ఎవరైనా కాలు కదపబోతే గబుక్కున సౌండు తగ్గిస్తాను. కానీ ఎవరూ లేనప్పుడు, ఆ నడిబజార్లో చేతులు తిరిగిన కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇంకో నాలుగు వరుసలు కొట్టనిచ్చి ఉండాల్సింది పాపం, ఎంత బాగా కొట్టాడు.