గ్రాఫిక్స్ కార్డుకు గడప

పెళ్ళి వీడియోలు కోసి, అతికించి, పాటలు కలిపి ఇవ్వడం నా పని. సముద్రం పక్కన మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఒక వల ఆరుతుంటుంది, మా ఇంట్లో మాత్రం ఒక కంప్యూటరు మూలుగుతుంటుంది. అది ఎదురింటి అక్క కూతురి పెళ్ళి వీడియో దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా చతికిలబడింది. అక్కేమో పదహారు రోజుల పండగ నాడు వీధిలో తెల్లగుడ్డ కట్టి ఆ వీడియో వేయిస్తానని చుట్టాలందరికీ చెప్పేసింది. పండగ శుక్రవారం. నా మిషను పోకడ చూస్తే వీడియో ఆ పిల్ల సీమంతానికి తయారయ్యేలా ఉంది.

అందుకని మనుబోలులో ఎరువుల కొట్టు నడిపే ఒకాయన దగ్గర, వీడియో పనికి వేగమిచ్చే గ్రాఫిక్స్ కార్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బేరం లేని వేళల్లో కంప్యూటర్లో ఆటలాడుకోవడానికి కొన్నాడట, భార్య పోరు పడలేక అమ్మేశాడు. సోమవారం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు.

నేను కేబులు కొనడానికి వెళ్ళి వచ్చేసరికి కార్డు దేవుడి అరలో ఉంది. ఇంటికి ఏ కొత్త వస్తువు వచ్చినా మా అమ్మ ముందు దానికి బొట్టు పెట్టాల్సిందే. కార్డు పైడొప్ప మీద మూడు బొట్లు, ఫ్యాను రెక్కల మధ్య ఒక మల్లెపువ్వు. పువ్వు తీసేసి, నా అంత జాగ్రత్తపరురాలు లేదని మురిసిపోతూ కార్డు బిగించాను.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద మాత్రం కటిక చీకటి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మంగళవారమంతా కేబులు మార్చాను, మానిటరు మార్చాను, తెలిసిన స్టూడియోలో బతిమాలి పవర్ సప్లై తెచ్చి పెట్టాను. చీకటి చీకటే. ఎదురింటి అక్క గంటకోసారి గుమ్మంలోకి వచ్చి, "అయిపోయినట్టేనా?" అని అడిగిపోయేది. చివరికి మనుబోలుకి ఫోన్ చేశాను.

"అన్నా, మీ కార్డు చచ్చిన చేప మాదిరి ఉండాది. కళ్ళు తెరిచే ఉండాది, ప్రాణం మాత్రం లేదు."

"మొన్నటిదాకా బాగా పన్జేసింది గదమ్మా. అడుగున కంప్యూటర్లోకి దిగే బంగారు పళ్ళుంటాయి చూడు, వాటిని రబ్బరుతో తుడిచి పెట్టు."

తీసి చూశాను. పళ్ళు బంగారంలా ఉన్నాయి. వాటి మీద వరసగా చిన్న చిన్న ఎర్రచుక్కలు. కంపెనీ వాళ్ళ గుర్తులనుకున్నాను. "తుడిచే పనే లేదన్నా, తళతళా మెరిసిపోతా ఉండాయి" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. పాడైన సరుకు నాకు అంటగట్టి మోసం చేసినారని కూడా అనేశాను. ఆయన, "తీసుకోని రామ్మా, చూస్తాం" అన్నాడు.

బుధవారం బస్సులో వెంకటాచలం దాటేదాకా తిట్లు వరసగా పేర్చుకుంటూ పోయాను. కొట్లో ఆయన చేతులు కడుక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, కార్డు అందుకుని వాసన చూశాడు.

"పసుపు వాసనొస్తా ఉండాదే. ఈ ఎర్రచుక్కలేందమ్మా?"

"కంపెనీ వాళ్ళు పెట్టినవన్నా."

యూరియా కోసం నిలబడిన రైతొకాయన మెడ సాచి చూశాడు. "కంపెనీవోళ్ళు కుంకం పెడతారా తల్లీ?"

అప్పుడర్థమైంది నాకు. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది మా అమ్మే. కార్డు బంగారు పళ్ళకు ఆ చివరి నుంచి ఈ చివరిదాకా పల్చగా పసుపు పూసి, కొలిచినట్టు బొట్లు పెట్టింది. బంగారం మీద పసుపు నా కంటికి ఆనలేదు.

ఆయన రబ్బరుతో తుడిచాడు. రబ్బరు పసుపుముద్ద అయింది. కార్డు కొట్లో కంప్యూటరుకి బిగించగానే తెర వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పైపోయిందన్నా, నోటికొచ్చినట్టు వాగినాను" అన్నాను.

"పర్లేదులేమ్మా. ఒక్క బొట్టు కూడా వంకర లేదు చూడు. తుడవాలంటే మనసొప్పలా" అన్నాడాయన.

ఆయనకని పేర్చుకున్న తిట్లన్నీ అమ్మ కోసం మోసుకుంటూ ఇంటికొచ్చాను. "ఆ పళ్ళకి పసుపెందుకు రాసినావు?" అని అడిగాను.

"లోపలికి పొయ్యేది దాంతోనే గదా? అయితే గడపే గదా? ఏం, తప్పా?" అంది. అంటూనే మొహం చిన్నబుచ్చుకుంది. నాకు ఒక్క తిట్టూ నోటికి రాలేదు. కంప్యూటరు డబ్బా అడుగు అంచు చూపించి, "తప్పు కాదుమా. గడప అది కాదు, ఇది" అన్నాను.

"అట్టనా! అసలు గడపని వదిలేస్తే అదెట్టా పన్జేస్తాది?" అంటూ అమ్మ పసుపు గిన్నె కోసం పరిగెత్తింది. డబ్బా అంచుకు తీరిగ్గా పసుపు రాసి, బొట్లు పెట్టి, చెయ్యి కడుక్కుంది. అప్పుడు నేను కార్డు బిగించి స్విచ్ వేశాను. తెర తెల్లగా వెలిగింది.

"చూసినావా?" అంది అమ్మ.

చూశాను.

శుక్రవారం సాయంత్రం వీధిలో తెల్లగుడ్డ మీద పెళ్ళి మొదలైంది. మొదటి దృశ్యం గడపకు పసుపు రాస్తున్న మా అమ్మ చేతులే. ఆ ముక్క ఎప్పుడో కోసి పెట్టుకున్నాను, వీడియో మొత్తంలో నాకు నచ్చింది అదే. వీధంతా ఈల వేసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. కార్డుని ఆపింది ఆ పసుపేనన్న నిజం చెప్పే ఆలోచన అప్పుడే మానుకున్నాను.

పోయిన వారం ఎదురింటి అక్క కొత్త టీవీ కొని, ముందు మా అమ్మనే పిలిచింది. అమ్మ పసుపు గిన్నె తీసుకుని బయల్దేరింది. నేను గుప్పిట్లో రబ్బరు పెట్టుకుని వెనకాలే వెళ్ళాను.