గోడ మీది రొయ్యకు జబ్బు

బందరు పరాసుపేటలో దస్తగిరి అని గోడలకు బొమ్మలు వేసే పెయింటరొకడున్నాడు. ఆయన బొమ్మ వేస్తే అది గోడ మీద ఉండదు, గోడ దిగి ముందుకొచ్చి నిలబడుతుంది. ఈ మాట ఎవరన్నారని అడిగితే దస్తగిరే అన్నాడని ఊరంతా ఒప్పుకుంటుంది.

కోనేరు సెంటర్లో ఒక కూరగాయల కొట్టు గోడకి ఆయన సొరకాయ వేశాడట. గేదె వచ్చి కొరకబోయి పన్ను విరగ్గొట్టుకుందట. మంగినపూడిలో ఒక పడవకి చేప బొమ్మ వేస్తే కాకులు ముసురుకుని, పడవవాళ్లు ఆ పూట వేటకెళ్లడం మానేసి వాటిని తోలుకుంటూ కూర్చున్నారట. ఆ గేదెని గానీ ఆ కాకుల్ని గానీ చూసినవాళ్లు ఇంతవరకూ దొరకలేదు. అయినా ఏటేటా కాకులు పెరుగుతున్నాయి. గేదెకి ఊడిన పళ్లూ పెరుగుతున్నాయి.

చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. డ్రాయింగు మాస్టారు బోర్డు మీద ఒక చుట్టుగీత గీసి "ఇది మామిడికాయ" అన్నారు. దస్తగిరి లేచి, "బస్సు కింద పడిందాండీ?" అని అడిగాడు. బెంచీ ఎక్కించారు. బెంచీ దిగినవాడు తిన్నగా ఇంటికొచ్చేశాడు, మళ్లీ బడి గడప తొక్కలేదు. కొడుకు చదువు మానేశాడని తండ్రి ఏడిస్తే, తనకి చెప్పడానికి వాళ్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదని కొడుకు సర్దిచెప్పాడు.

ఆయన పనిలో నీడలు దిద్దడం, రంగులు కలపడం ఉండవు. సున్నం గోడ, ఒకటే రంగు, ఒకటే కుంచె. వంకాయ వెయ్యాలంటే ముందు నిజం వంకాయ తెచ్చి దానికి అడ్డంగా దారం చుడతాడు. బొద్దుగా ఉన్నచోట దారం ఎలా వంగింది, తొడిమ దగ్గర ఎలా ఇరుక్కుంది, కొనకొచ్చేసరికి ఒకదాని పక్కన ఒకటి ఎలా ఒత్తుకున్నాయి, ఇదంతా చూస్తాడు. చూసి, చుట్టుగీత జోలికి పోకుండా ఆ దారాలనే గోడ మీద గీతలుగా వేసుకుంటూ పోతాడు. నాలుగు గీతలు పడేసరికి వంకాయ పొట్ట ఉబ్బడం మొదలుపెడుతుంది. "గీత పడుకుంటే పలక, వంగితే పొట్ట" అని ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఖర్చు భార్య సలీమాది. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. ఆమె దారపు రీళ్లు కూరగాయల మీదకెక్కేవి, ఆ కూరగాయలు పొయ్యి మీదకెక్కేవి.

"వంకాయ కూర తింటుంటే పళ్లల్లో దారం తగుల్తోందండీ" అనేదామె. "ఇలాగే తింటూపోతే ఎప్పుడో నా కడుపులో జాకెట్టు తయారవుద్ది."

"చేతులు పెట్టి కుట్టిచ్చుకో" అనేవాడు దస్తగిరి.

అలా నవ్వుకుంటూ ఉండగానే ఫ్లెక్సీలొచ్చి గోడల్ని కప్పేశాయి. సలీమా అన్న అబూబకర్ గుడివాడలో ఫ్లెక్సీల కొట్టు పెట్టాడు. వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"బావా, నువ్వు ఒక రొయ్యకి దారం చుట్టేలోపు నేను వంద రొయ్యలు దింపేస్తా. ఎందుకీ తిప్పలు? గుడివాడ వచ్చెయ్. ఫ్లెక్సీలకి చట్రాలు కొట్టేవాడు లేక చస్తున్నాను."

"గోడ మీంచి రొయ్యని లేపే చేత్తో మేకులు కొట్టమంటావా?"

"రొయ్య లేచింది సరే. ఇల్లు ఎప్పుడు లేస్తుందో చెప్పు."

ఇద్దరికీ సలీమా ముందు ఒప్పందం కుదిరింది. చేతిలో ఇంక ఒక్క గోడే ఉంది. దాంతో ఇంకో నాలుగు గోడలొస్తే కుంచె ఉంటుంది. లేకపోతే సుత్తి పట్టుకుని గుడివాడ వెళ్లాలి.

ఆ గోడ నాగాయలంకలో ధనరాజుది. రొయ్యల మేత అమ్ముతాడు. కొట్టు ముందు ఫ్లెక్సీ కట్టినప్పుడల్లా సముద్రపు గాలి దాన్ని చించి ఎవరిదో చెరువులో పడేస్తోంది. విసిగిపోయి, "పెద్ద వనామీ రొయ్య వెయ్యి దస్తగిరీ, తుఫానొచ్చినా కదలకూడదు" అన్నాడు.

దస్తగిరి బందరు మార్కెట్లో మాంచి రొయ్య కొనుక్కుని ఇంటికొచ్చాడు. సలీమా ఈసారి జాగ్రత్తపడింది. దారం చుట్టాక శుభ్రం చెయ్యడం తనవల్ల కాదని, ముందే సూదితో వీపులోని నల్లనరం లాగేసి అప్పుడు ఆయన చేతికిచ్చింది. పుట్టినప్పటి నుంచీ రొయ్యలు తింటున్న దస్తగిరికి, రొయ్యకి అలాంటి నరం ఒకటుంటుందని తెలియదు. ఆయన దగ్గరికి రొయ్య ఎప్పుడూ ఇగురుగానే వచ్చేది.

నాగాయలంక వెళ్లి నిచ్చెనెక్కి రొయ్యని లేపాడు. ఒక్కో పెంకు మీద వంపు గీతలు వేశాడు. ఒళ్లు ముడుచుకున్న లోపలివైపు గీతల్ని ఇరికించి, వీపువైపు విడదీశాడు. చివరికి తన తురుపుముక్క దించాడు. వీపు పొడుగునా గీతలన్నిటినీ తెంపి, సున్నం తెల్లగా కనపడేలా సన్నటి పట్టీ వదిలాడు. అక్కడ వెలుగు పడినట్టయింది. రొయ్య ఒక్కసారి గుండ్రంగా తిరిగి గోడ వదిలేసింది.

ధనరాజు అరుగు దిగి చూసి, "అబ్బ! మీసం తగుల్తుందేమోనని భయంగా ఉందయ్యా" అన్నాడు. దస్తగిరి బస్సులో బందరు చేరేలోగా, ఆయన మాటల్లో ఆ మీసం ధనరాజు చొక్కా చింపేసింది.

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు అనే రైతు మేత బస్తాల కోసం బండి ఆపాడు. గోడకేసి చూశాడు. దగ్గరికెళ్లాడు. తల వంచి, చెరువులో మేత చూసుకునే చెక్ ట్రేలో రొయ్యని పరీక్షించినట్టు వీపు మీదే చూపు నిలిపాడు. బస్తాలు అడగకుండా బండెక్కేశాడు.

చెరువుల మీద బతికేవాళ్లకి రొయ్య వీపే జాతకం. మేత తిన్న రొయ్యకి వీపులో పేగు, అదే సలీమా లాగేసిన నల్లనరం, నల్లగా, నిండుగా కనపడాలి. తెల్లగా కనపడిందంటే వైట్ గట్ జబ్బు. చెరువు మునిగినట్టే. ఇన్నేళ్లూ ఫ్లెక్సీల మీది రొయ్యలకి పేగుందో లేదో ఒక్కడూ చూడలేదు, ఎందుకంటే అవి బొమ్మలు. ఇది రొయ్య. సాయంత్రానికల్లా ధనరాజు మేత తిన్న రొయ్యకి వైట్ గట్ వచ్చిందని దివిసీమంతా పాకింది. ఆ రొయ్య గోడ మీదుందన్న ముక్క దార్లో ఎక్కడో రాలిపోయింది.

ధనరాజు ఫోన్లో అరిచాడు. "బొమ్మ వెయ్యమంటే బతికున్న రొయ్యని వేశావేంటయ్యా! అదే నా కొంప ముంచింది. వచ్చి బాగుచేస్తావా, సున్నం కొట్టించెయ్యనా?"

దస్తగిరి జీవితంలో మొదటిసారి ఒక కోత సాక్షులతో సహా నిజమైంది. ఆ ఒక్కటీ చెప్పుకోడానికి పనికిరాదు.

ఆయన వెళ్లేసరికి గోడ దగ్గర సత్తిబాబు కూడా ఉన్నాడు.

"ఆ తెల్లదాన్లో నల్లగీత లాగెయ్యి భాయ్, సరిపోద్ది" అన్నాడు సత్తిబాబు.

"అది వెలుగండీ. అక్కడ నలుపు పెడితే రొయ్య పడుకుండిపోద్ది."

"రొయ్య పడుకుంటే పర్లేదు. నా బేరం పడుకుంది" అన్నాడు ధనరాజు.

"వెలుగో, జబ్బో చూపిస్తాను రా భాయ్" అని సత్తిబాబు దస్తగిరిని బండెక్కించుకుని తన చెరువుకి తీసుకెళ్లాడు. ట్రే పైకి లాగి ఒక రొయ్యని తీసి ఎండకెదురుగా పట్టాడు. లోపల నల్లటి గీత ఒకటి తల దగ్గర లావుగా మొదలై, వీపు వంపుతో పాటే వంగి, తోకలోకి సన్నగా జారిపోయింది. దస్తగిరి కళ్లార్పకుండా చూశాడు. తను అడ్డంగా ఇన్ని గీతలు వేసి లేపిన ఒంటిని, ఇది నిలువుగా ఒక్క గీతతో లేపింది. రొయ్య చేతిలోంచి ఎగిరి నీళ్లల్లో పడింది.

తిరిగొచ్చి నిచ్చెనెక్కాడు. కుంచె ముంచాడు. పైన గీత పడితే తను లేపిన పొట్ట పోతుంది. పడకపోతే గుడివాడలో మేకులు ఎదురుచూస్తున్నాయి. కింద ధనరాజు సున్నం బకెట్టు పక్కనే నిలబడ్డాడు, కొంచెం కనపడేలాగే. దస్తగిరి ఊపిరి బిగబట్టి గీత లాగాడు. వీపుతో పాటు వంచడానికి చెయ్యగలిగినంతా చేశాడు. అయినా వెలుగు పోయింది. రొయ్య జానెడు వెనక్కి నడిచి గోడలో కలిసిపోయింది. అది ఆయనకొక్కడికే కనపడింది.

"ఇదిగో, ఇప్పుడు కోలుకుంది!" అన్నాడు సత్తిబాబు. "మేత బాగా ఎక్కింది." బస్తాలు బండికెత్తించుకున్నాడు.

జబ్బు ఎంత దూరం పాకిందో కోలుకోవడం కూడా అంత దూరం పాకింది. దాంతో మిగతా మేత కొట్లవాళ్లకి భయం పట్టుకుంది. ఫ్లెక్సీల మీది తమ రొయ్యలకి పేగే లేదని అప్పుడే గమనించారు. అందరూ ఆ ఫ్లెక్సీలు వేసిచ్చిన అబూబకర్ మీద పడ్డారు. అతను కంప్యూటర్లో ఒక నల్లగీత పెట్టి ప్రింటు తీసిస్తే, నాగాయలంకలో సత్తిబాబు దాన్ని చూసి, "ఇది రొయ్యా, స్కేలుబద్దా?" అన్నాడు.

చివరికి అబూబకర్ బందరు వచ్చాడు.

"బావా, సుత్తి వద్దులే. నీ కుంచె పట్టుకునే రా. ఆ గట్ గీత లాగడం నీ వల్లే అవుద్దంటున్నారు."

"ఫ్లెక్సీ మీదా?"

"గోడ మీద రొయ్యల్ని ఎవడూ అడగట్లేదు బావా. గీతని అడుగుతున్నారు."

సలీమా మొగుడి చొక్కా తీసి ఇస్త్రీ చేసింది. ఆయన ఆ చొక్కాలోనే బస్సెక్కాడు.

ఇప్పుడు దస్తగిరి వారానికి కొన్నాళ్లు గుడివాడ వెళ్తున్నాడు. పేరు కూడా స్థిరపడింది, గట్ దస్తగిరి. నేల మీద ఫ్లెక్సీలు పరుస్తారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో రొయ్యకి ఒక్కో గీత లాగి పక్కదానికి జరుగుతాడు. అడ్డగీతలు వెయ్యబోతే అబూబకర్ వారిస్తాడు, రైతులు జబ్బు మచ్చలనుకుంటారని.

మొన్నొకరోజు ఒక గీత లాగాక దస్తగిరి కుంచె ఆపాడు.

"చూశావా, ఇది లేచింది."

అబూబకర్ వంగి అరచేత్తో ఫ్లెక్సీ తడిమాడు. "ఎక్కడ బావా? చదునుగానే ఉందిగా."

"చేత్తో కాదు. రెండడుగులు వెనక్కెళ్లి చూడు."

అబూబకర్ వెనక్కెళ్లాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, కళ్లు చికిలించి, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు. ఆ తర్వాత ఆ ఫ్లెక్సీని, మీసం నలుగుతుందేమో అన్నట్టు, మెల్లగా చుట్టి ఇంకోటి పరిచాడు.