రెండో రౌండుకు పోయే నొప్పి

ఇలా నా పక్కకు జరిగి కూర్చోండి. నిదానంగా చెప్పాల్సిన సంగతి ఇది.

మా ఆయనకు అరవై ఏడేళ్లు. మిల్లు పని నుంచి రిటైరయ్యాక పరుగు పట్టుకున్నారు. వెటరన్ పోటీల్లో ఐదు వేల మీటర్లు పరిగెత్తుతారు. పొద్దున్నే గ్రౌండులో ఆయన పరిగెత్తుతుంటే నేను గట్టు మీద కూర్చుని రౌండ్లు లెక్కపెడతాను. నా చదువు మూడో తరగతే గానీ చూసింది మరిచిపోను.

ఆ మంగళవారం మొదటి రౌండు సగంలో ఆయన దవడ పట్టుకున్నారు. ఆగలేదు. రెండో రౌండుకు చెయ్యి కిందికి దిగింది. ఏమైందంటే, ఎదురురొమ్ము బిగుసుకుని దవడ దాకా లాగిందనీ తర్వాత పోయిందనీ అన్నారు. తోటి పెద్దవాళ్లంతా ఒకటే మాట: ఈ వయసులో ఒళ్లు వేడెక్కేదాకా అంతే. నేనూ నమ్మాను. మూడు వారాలు నమ్మాను.

తర్వాత బస్సు కోసం నాలుగడుగులు వేగంగా వేసినా నొప్పి వచ్చింది. పట్టుబట్టి కదిర్కామంలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఈసీజీ బాగుంది. టీఎంటీ అనే ట్రెడ్‌మిల్ టెస్టు చేయాలన్నారు. పోటీకి పది రోజులే ఉంది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి.

టెస్టు రోజు మా ఆయన లోపలికి పోకుండా మెట్ల వైపు నడిచారు. మూడంతస్తులు మూడుసార్లు ఎక్కారు, దిగారు. మొదటిసారి ముఖం పాలిపోయింది. మూడోసారికి తేటపడింది. అప్పుడు పోయి మిషనెక్కారు.

"టీఎంటీ నెగటివ్. పరిగెత్తొచ్చు," అని డాక్టరు పెన్ను తీశారు.

మా ఆయన బల్ల కింద నా చెయ్యి నొక్కారు. చెబితే ఆయన పోటీ పోతుంది. చెప్పకపోతే ఆయనే పోవచ్చు.

"సారూ, ఈయన మెట్లెక్కి దిగి, నొప్పి పోగొట్టుకోని వచ్చినారు," అన్నాను.

"ఏందే, నన్ను పట్టిచ్చేస్తివే," అన్నారు మా ఆయన.

డాక్టరు పెన్ను కింద పెట్టారు. ఏ రోజు ఎన్నో రౌండులో వచ్చిందో, ఎప్పుడు పోయిందో వరసగా చెప్పాను. "వార్మప్ ఆంజైనా. ఒళ్లు వేడెక్కితే మాయమయ్యే గుండెనొప్పి ఇది. పరిగెత్తేవాళ్లే ఇట్లా మోసపోతారు. ఈయన్ను ఇంటికి పంపను," అన్నారు.

మర్నాడు ఆంజియోగ్రామ్. గుండె ముందు నాళం ఇంచుమించు మూసుకుపోయి ఉంది. స్టెంట్ పెట్టారు. స్టెంట్ పెట్టే ఆ క్యాథ్ ల్యాబ్ గది తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక మా ఆయన నాతో మూడు రోజులు మాట్లాడలేదు. అంతలో, రక్తం పలచబడటానికి ఇచ్చిన మాత్రతో కాళ్లలో సత్తువ పోతుందని దాన్ని మానేశారు. పరుపు కింద రెండు దొరికాయి. "ఇది ఆపితే స్టెంట్ మూసుకుపోతుంది," అని డాక్టరు ఫోనులోనే గట్టిగా చెప్పారు. ఆ రోజు ఆయన భయపడటం చూశాను. మానలేదు మళ్లీ.

పోటీనాడు పరిగెత్తకపోయినా ఇద్దరం వెళ్లాం. తోటివాళ్లను కూర్చోబెట్టి, మెట్లెక్కిన సంగతితో సహా సిగ్గుపడకుండా తన కథ చెప్పారు. అందరూ లేచాక బాహూరు నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ల పెద్దాయన మెల్లగా, "నాకూ రెండో రౌండుకు పోతాదన్నా," అన్నారు. ఆయన వేసుకున్న నంబరు గుడ్డను మా ఆయనే విప్పి, ఆసుపత్రికి ఆటో పిలిచారు.

ఇప్పుడు డాక్టరు చెప్పిన లెక్కకు మా ఆయన నాలుగు రౌండ్లు నడుస్తున్నారు. మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు గదిలోకి రోగితో పాటు ఇంటి మనిషిగా మీరూ వెళ్లండి, రోగి దాచింది మీరు చెప్పండి.

మీ ఇంట్లో పెద్దలు నిండా ఊపిరి తీసుకుని నవ్వుతూ ఉండాలి, తల్లీ.