ఇద్దరు పట్టే పడవ

మంజీర పొలాల మీదికి తిరగబడిన ఆ వానాకాలం, నేనూ మా ఆయనా మా అత్తా డాబా మీద కూర్చుని పడవ కోసం ఎదురుచూశాం. మా ఊరు బోధన్‌కి దగ్గరే, కానీ ఆ రోజు మధ్యలో రోడ్డు లేదు. చెరుకు తోటలు కొసలు మాత్రం బయటపెట్టి నీళ్ళలో ఊగుతున్నాయి. నీళ్ళు ఒక్కో మెట్టే ఎక్కుతుంటే నేను కళ్ళు మూసుకున్నాను. అత్త మాత్రం చాట ముందేసుకుని బియ్యం ఏరుతూ కూర్చుంది. సాయంత్రానికి నీళ్ళు ఆగాయి, మర్నాడు తీశాయి. పడవ రానే లేదు.

నీళ్ళు పోయాయి గానీ నా భయం పోలేదు. నేను బోధన్‌లో టీచర్ని. బడి రేకుల మీద నాలుగు చినుకులు పడితే చాలు, పాఠం మధ్యలో ఆపి బయటికి వచ్చేదాన్ని. ఇంటికి ఫోన్ చేసి నీళ్ళు ఎంతవరకు వచ్చాయని అడిగేదాన్ని. ఎండ కాస్తున్న రోజు కూడా అడిగేదాన్ని.

"ఏడాదికోసారన్న రాదు గది. ఊకె గుండెలు బాదుకోకు," అనేవాడు మా ఆయన.

నాకు ఒళ్ళు మండేది. చావడానికి ఎన్నిసార్లు రావాలట?

ఎవరో వచ్చి తీసుకుపోతారని ఇంకోసారి కూర్చోవడం నావల్ల కాదనిపించింది. ఫోన్లో వెతుకుతుంటే చిన్న చెక్క పడవ నమూనా దొరికింది. ప్లైవుడ్ పలకలను కొలత ప్రకారం కోసి, అంచుల వెంట బెజ్జాలు వేసి, విస్తరి కుట్టినట్టు రాగి తీగతో కుట్టాలి. ఆ కుట్ల మీద జిగురు పూసి గుడ్డ అతికించాలి. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను, గుడ్డ కత్తిరించేదానికి చెక్క కత్తిరించడం రాదా అనుకున్నాను. మోటారు పెడితే వరదలో డీజిల్ ఎవరు తెచ్చిపోస్తారు? అందుకని తెరచాప ఉన్నదాన్నే ఎంచుకున్నాను. పశువులు లేని కొట్టం ఊడ్చి పని మొదలుపెట్టాను. ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. మా ఆయన కూడా నవ్వాడు, కానీ నాకు తెలియకుండా రంపానికి పదును పెట్టించుకొచ్చాడు.

తక్కువపడిన ప్లైవుడ్ కోసం రెండోసారి నిజామాబాద్ పోతే దుకాణం సేటు నా కొలతల చీటీ చూసి, "మేడం, మీది గూడ పడవేనా?" అన్నాడు. నాకు సిగ్గు, ఆశ్చర్యం ఒకేసారి కలిగాయి. అంతకుముందు ఇద్దరు సరిగ్గా ఇట్లాంటి పలకలే కొన్నారట. అక్కడికక్కడే ఫోన్ కలిపి ఇచ్చాడు. ఒకాయన నిజామాబాద్‌లోనే ఉంటాడు, బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. మిద్దె మీద సగం పడవ ఉంది, దాన్ని కిందికి దింపే దారి ఏమిటో ఇంకా ఆలోచించలేదు. రెండో అతను బాల్కొండ అవతల పసుపు రైతు. పసుపు ఆరబోసే టార్పాలిన్‌నే తెరచాపగా కుట్టి, అక్కడి ప్రాజెక్టు కట్ట వెనక నీళ్ళలో అప్పటికే తిరుగుతున్నాడు. జిల్లాలో నేనొక్కదాన్నే పిచ్చిదాన్ని అనుకున్నాను. ఇంకో ఇద్దరున్నారని తెలిస్తే ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆదివారమే ఇద్దరూ వచ్చారు. అప్పటికి నా పడవ దాదాపు అయిపోయింది. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళలా దాని చుట్టూ తిరిగారు, కుట్లు తడిమారు, కిందికి వంగి చూశారు.

"గాలి పట్టిందంటె అక్కా, ఇగ ఇంటికి రాబుద్ధి గాదు," అన్నాడు రైతు.

వాళ్ళు సరదాకి కడుతున్నారు. నేను పారిపోవడానికి కడుతున్నానని చెప్పాను. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

కాసేపటికి బ్యాంకాయన అడిగాడు. "అమ్మా, ఇంట్లో ఎంతమంది ఉంటరు?"

"ముగ్గురం."

"మరి ఇది ఇద్దరు పట్టేదే గద."

నమూనాలో ఇద్దరు పెద్దవాళ్ళకని స్పష్టంగానే ఉంది, నేనూ చదివాను. పలకలెన్ని, జిగురెంత అన్న ధ్యాసలో అది మనుషుల మాట అని బుర్రకెక్కలేదు. నీళ్ళు మళ్ళీ మెట్లెక్కితే మా ముగ్గురిలో ఎవరు ఆగిపోవాలో ఆలోచించాను. ఎవరు ఆగుతానంటారో నాకు తెలుసు.

భయపడాల్సిన పని లేదని వాళ్ళిద్దరూ చెప్పారు. పడవను నడుమకు అడ్డంగా కోసి, ఎడం చేసి, మధ్యలో కొత్త ముక్క కలిపి కుట్టెయ్యవచ్చట. రైతు తన పడవను అట్లాగే పొడుగు చేశాడు. వచ్చే ఆదివారం ముగ్గురం కలిసి కోద్దామన్నారు. వెనక్కి తిరిగితే అత్త టీ గ్లాసులతో కొట్టం వాకిట్లో నిలబడి ఉంది.

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి కొట్టం ముందు చెప్పులు కనిపించాయి. పడవ ముక్కుకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు, బంతిపూల దండ వేశారు. కొబ్బరికాయ కొట్టడం కూడా అయిపోయింది. అత్త వాడకట్టు ఆడవాళ్ళకు ప్రసాదం పంచుతోంది. మా దగ్గర ట్రాక్టర్ కొన్నా, బోరు మోటారు దించినా పూజ చేస్తారు. పూజయ్యాక ఆ వస్తువు మీద రంపం పెట్టడమన్న మాటే లేదు. పని పూర్తి కాకుండా పూజ చేసుకోవడం కూడా ఎక్కడా లేదు. అత్తకు తొందరెక్కువ అని సరిపెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే మబ్బు కమ్మింది. మహారాష్ట్రలో పై నుంచి నీళ్ళు వదిలారని ఊరంతా అనుకుంటున్నారు. రైతు రంపం భుజాన వేసుకుని వచ్చాడు. బొట్లు చూడగానే చెప్పులు విడిచాడు.

"పూజైనదాన్ని నడుమకు కోసుడా? నాతోని గాదక్కా."

బ్యాంకాయన ఇదంతా మూఢనమ్మకమని కొంచెంసేపు చెప్పాడు. రంపం చేతిలోకి తీసుకున్నాడు. బంతిపూల దండ వైపు చూసి మెల్లగా కింద పెట్టేశాడు. మా ఆయన అసలు కొట్టంలోకే రాలేదు. "ఇదిట్లనే ఉండనీ, ఇంకోటి కట్టుకుందాం," అన్నాడు బయటినుంచే. ఇంకోటి కట్టేదాకా మంజీర ఆగుతుందా అని అరిచాను.

అత్త దగ్గరికి పోయాను. "పని గాకముందే ఎందుకు చేసినవ్ అత్తమ్మా?"

ఆమె నా మొహం చూడలేదు. "సక్కగున్నదాన్ని కోస్తె అది గూడ ఖరాబైతది బిడ్డా. ఇద్దరు పట్టేదుంటె ఇద్దరు పోవాలె. నా కోసమని మీరు గండం తెచ్చుకోకుర్రి."

అప్పుడు అర్థమైంది నాకు. ఎవరూ కొయ్యకూడదనే కొబ్బరికాయ కొట్టింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నన్ను అడగకుండా ఆమె తన చావును ఖాయం చేసి, ప్రసాదం కూడా పంచింది.

దండ తీసి గూట్లో పెట్టాను. దండం పెట్టుకుని రంపం అందుకున్నాను. నాకు దేవుడంటే భయం, నీళ్ళంటే అంతకన్నా భయం. అన్నింటికన్నా నా చేతిపనంటే భయం. కొయ్యకపోతే ఒకరు మిగిలిపోతారు. కోసి, అతుకు నిలవకపోతే ముగ్గురం పోతాం. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి. రంపం పళ్ళు చెక్క మీద పెట్టి లాగితే పడవ మొత్తం అటూఇటూ ఊగింది, గాటు పక్కకు పోయింది. ఎవరైనా పట్టుకోండి అన్నాను. లోపలున్న ఇద్దరూ, బయటున్న మా ఆయనా నేల చూపులు చూశారు.

మళ్ళీ లాగాను, మళ్ళీ ఊగింది. అప్పుడు అత్త వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, ఒక చెయ్యి నా భుజం మీద వేసి పడవలోకి ఎక్కింది. కదలకుండా ఉండటానికి ముందుభాగంలో బరువుగా కూర్చుంది. రెండు అంచులనూ గట్టిగా పట్టుకున్న ఆమె చేతులు వణుకుతున్నాయి. ఆ రోజు డాబా మీద బియ్యం ఏరినప్పుడు ఆ చేతులకేసి నేను చూడనే లేదు.

"కొయ్యి బిడ్డా," అన్నది. "నన్నొక్కదాన్ని ఇడ్సిపెట్టి పోకుర్రి. నాకు మస్తు భయమైతది."

వాన పెద్దదయింది. నేను కోస్తూనే ఉన్నాను.