కండెకు వేయని గోలీలు

మొన్న పొద్దున నా బీపీ మందుల కోసం సిరిసిల్ల బస్టాండు దగ్గరి మెడికల్ షాపులో నిలబడ్డాను. నా ముందు నలభై ఏళ్ల మనిషి ఒకాయన నలిగిన చీటీ చేతిలో పట్టుకొని షాపాయనను అడుగుతున్నాడు: "మా తమ్మునికి ఫిట్స్ రాక ఆర్నెల్లాయె. మంచిగనే ఉన్నడు. ఇగ గోలీలు బందు వెట్టచ్చా?" షాపాయన నోరు తెరిచేలోపే నేను ఆ మనిషి మణికట్టు పట్టుకున్నాను. "డాక్టరును అడగకుంట ఒక్క పూట గూడ బందు వెట్టకు" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. మరమగ్గాల మోతలో బతికినవాళ్లం, మెల్లగా మాట్లాడటం మాకు చేతకాదు. ఆయన జంకి, "మీ ఇంట్ల గూడ ఎవలికన్న ఉండెనా పెద్దాయినా?" అన్నాడు. "ఉండె. మా కుక్కకు" అన్నాను. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కూర్చున్నాక, నవ్వినందుకు సిగ్గేసింది.

మాకు అప్పట్లో ఎనిమిది సాంచాలుండేవి. మరమగ్గాలను మా ఊళ్లో సాంచాలంటాం. ఇంటి వెనక రేకుల షెడ్డులో అవి నడుస్తుంటే ముందరి గదిలో కప్పులోని చాయ కూడా వణికేది. షెడ్డులో పక్క మనిషితో మాట్లాడాలంటే చెయ్యి ఊపాలి, లేదంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. ఆ మోతలోనే హాయిగా నిద్రపోవడం నేర్చుకున్న కుక్కపిల్ల అది. వానకు తడిసి లోపలికొచ్చి, నూలు చుట్టే మిషను కింద ముడుచుకొని పడుకుంటే, పదో తరగతి చదువుతున్న నా బిడ్డ చూసి, "బాపూ, కండె లెక్క సుట్టుకున్నది సూడు" అంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి నూలు చుట్టిన చిన్న గొట్టాన్ని కండె అంటాం. ఆ పేరే ఉండిపోయింది. నేను కుక్కల మనిషిని కాను. మొదటి నెలంతా దాన్ని "ఏయ్" అనే పిలిచాను. తర్వాత ఎప్పుడు మొదలైందో తెలియదు కానీ, పొద్దున చాయలో ముంచిన బిస్కెట్టులో సగం దానికివ్వడం నాకు, ఇవ్వని రోజు నా చెప్పు ఎత్తుకుపోవడం దానికి అలవాటైంది. అదీ ఎప్పుడూ ఎడమ కాలిదే ఎత్తుకుపోయేది. కారణం ఇప్పటికీ తెలియదు.

దానికి రెండేళ్లున్నప్పుడు ఒక మధ్యాహ్నం నడుస్తూ నడుస్తూ పక్కకు ఒరిగిపోయింది. కాళ్లు గాలిలో ఈదుతున్నాయి, దవడలు కొట్టుకుంటున్నాయి, నోటి వెంట నురుగు, కింద తడి. సాంచాలు ఆపి అందరం గుమిగూడాం. ఒకరు వాసన చూపించడానికి ఉల్లిగడ్డ తెచ్చారు, ఒకరు పిచ్చి లేచిందని కట్టె తెచ్చారు. నేను మూర్ఛ వచ్చిన మనుషులకు చేసినట్టే చేశాను. షెడ్డు తాళంచెవుల గుత్తి తెచ్చి దాని ముందుకాలి పంజాలో పెట్టి అదిమాను. కుక్క గుత్తిని ఎట్లా పట్టుకుంటుందన్నది ఆ క్షణాన ఎవరికీ తోచలేదు. బిడ్డ వచ్చి "జరుగుండ్రి, దాని నోట్ల చెయ్యి వెట్టకుండ్రి" అని అందరినీ నెట్టింది. లైటు తీసేసి, వాళ్లమ్మ పాత చీర మడిచి తల కింద పెట్టి, ఫోనులో సమయం చూస్తూ పక్కన కూర్చుంది. రెండు నిమిషాలకు తగ్గింది. లేచాక అది మమ్మల్ని గుర్తుపట్టలేదు. గోడలకు తగులుకుంటూ షెడ్డంతా తిరిగి, అరగంట తర్వాత వచ్చి బిడ్డ ఒడిలో ముక్కు పెట్టింది.

ఆ నెలలోనే మరో రెండుసార్లు వస్తే కోరుట్లలోని పెద్ద పశువుల దవాఖానకు తీసుకపోయాం. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుదే కానీ ఓపిక చాలా ఉంది. మనుషులకిచ్చే మందే కుక్కలకూ ఇస్తారని ఆమె చెప్తే తెలిసింది. పొద్దున ఏడింటికి అర గోలి, సాయంత్రం ఏడింటికి అర గోలి. "తగ్గింది గదా అని మీ అంతట మీరు ఆపొద్దు. ఆపితే ముందుకన్నా గట్టిగ వస్తయ్" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. బిడ్డ గోడ మీద కాగితం అతికించి ప్రతి పూటా టిక్కు పెట్టేది. మరుసటి ఏడు డిగ్రీకి జగిత్యాల హాస్టల్‌కు పోతూ ఆ పని నాకు అప్పగించింది. వాళ్లమ్మకు కుక్క నోట్లో చెయ్యి పెట్టాలంటే భయం. గోలిని నాలుక వెనకకు ఎట్లా తొయ్యాలో, మింగేదాకా గొంతు ఎట్లా నిమరాలో నాకు నేర్పించి పోయింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసి మొదట అడిగే మాట ఒకటే: "ఏసినవా బాపూ?" నేను "ఏసిన బిడ్డా" అనేవాణ్ని. తర్వాతే వాళ్లమ్మ ఎట్లుందని అడిగేది.

ఐదు నెలలు ఫిట్స్ ఒక్కసారి కూడా రాలేదు. ఆ మధ్యలోనే, ఎందుకైనా మంచిదని, వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకొని ఉన్నాను. మా దిక్కు బిడ్డలు పుట్టాలన్నా, రోగం పోవాలన్నా మొక్కేది రాజన్నకే. గుడిలో కోడె పగ్గం పట్టుకొని చుట్టూ తిరిగి కట్టేసి వస్తాం. కుక్క కోసం కోడెను కట్టినవాడు నాకు ముందు ఎవరైనా ఉన్నాడో లేదో. మొక్కు తీర్చుకోను పోయిన రోజు పూజారి ఎవరి పేరు మీద అని అడిగితే కండె అని చెప్పలేక నా పేరే చెప్పాను. బోయినపల్లి నుంచి మా అక్క కూడా వచ్చింది. తిరుగు దారిలో అక్క, "మొక్కు చెల్లినంక గూడ గోలీలేస్తే రాజన్న ఏమనుకుంటడురా తమ్మీ?" అంది.

ఆ మాటను చాన్నాళ్లు నాకు నేను సాకుగా చెప్పుకున్నాను. నిజమేమిటంటే పొద్దున, సాయంత్రం దాని నోట్లో వేళ్లు పెట్టి నాకు విసుగొచ్చింది. ఏడు కాగానే సాంచా వదిలి పోతుంటే "ఆసామి కుక్కకు గోలి యాల్లయింది" అని షెడ్డులో పనివాళ్లు సైగలు చేసుకొని నవ్వేవాళ్లు. ఆ నవ్వు కూడా తగిలింది. అక్క మాట నాకు కావలసినప్పుడే వచ్చింది. మరునాటి నుంచి గోలీలు ఆపేశాను. గోడ మీద కాగితంలో మాత్రం టిక్కు పెడుతూనే ఉన్నాను. సాయంత్రం ఫోనులో "ఏసిన బిడ్డా" అంటూనే ఉన్నాను. మొదటి మూడు రోజులు కండె మునుపటికంటే హుషారుగా ఉంది. చూశావా, అనుకున్నాను.

ఆరో రోజు మధ్యాహ్నం నేను సాంచా దగ్గర తెగిన పోగు అతుకుతున్నాను. మా ఇంటామె వచ్చి వీపు మీద చరిచింది. ఏదో అరుస్తోంది, మోతలో వినపడలేదు. బయటికొచ్చి చూస్తే వాకిట్లో కండె కొట్టుకుంటోంది. "ఇది మూడోసారి. ఎంత ఒర్రిన ఇనవడకపాయె నీకు" అంది. ఒకటి తగ్గి లేవకముందే ఇంకొకటి వస్తోంది. నూలు బీములు మోసే ట్రాలీ ఆటోలో పడుకోబెట్టుకొని కోరుట్లకు బయలుదేరాం. వేములవాడ దాటేటప్పుడు గుడి దిక్కు చూడలేక తల వంచుకొని కూర్చున్నాను.

దారిలో ఫోన్ చేస్తే, మేం పోయేసరికి బిడ్డ జగిత్యాల నుంచి బస్సులో వచ్చి దవాఖాన గేటు దగ్గరే ఉంది. డాక్టరమ్మ ఇంజక్షన్లు ఇచ్చి, సెలైన్ పెట్టి, కండె ఊపిరి కుదురుకున్నాక మా దిక్కు తిరిగింది. "మందు ఒక్క పూట గూడ తప్పలే గదా?"

నేను నోరు తెరిచేలోపే బిడ్డ అందుకుంది. "మా బాపు మర్సిపోడు మేడం. సాంచ ఆగుతది గని మా బాపు ఆగడు."

డాక్టరమ్మ నా ముఖం చూసింది. నేను తల ఊపాను.

"అయితే గీ డోసుకు లొంగుతలేదు. పెంచాలె. ఇంకో మందు గూడ కలుపుదాం" అని చీటీ రాసింది. నేను ఆ చీటీ రెండు చేతులా తీసుకున్నాను.

ఈసారి ఒక్క పూట కూడా తప్పకుండా వేశాను. అక్కరలేని ఆ మందు ఫలితం పది రోజుల్లో కళ్ల ముందే కనిపించింది. కండె వెనక కాళ్లు తడి గుడ్డల్లా ఈడ్చుకొచ్చేవి. నిలబడితే పక్కకు పడేది. ఎంత తాగినా దప్పిక, ఎంత తిన్నా ఆకలి. మా ఇంటామె బీడీల కోసం నానబెట్టిన తునికాకును కూడా నమిలింది. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పేది కాదు. బిడ్డ రోజూ వీడియోలో చూసి ఏడ్చేది. ఒక గురువారం ఏడవకుండా, కుదురుగా మాట్లాడింది. "మందు ఇంత పెంచినంక గూడ గిట్లనే ఉంటే దానికి ఇగ బతుకేంది బాపూ? మేడంను అడిగిన. బాధ లేకుంట ఇంజక్షన్ ఇస్తరట. శనివారం కోరుట్ల తీస్కరా. నేనూ అస్త."

ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, నిశ్చింత. కుక్కతోనే నా అబద్ధమూ పోతుంది, ఇక ఎవరికీ ఎప్పటికీ తెలియదు అనుకున్నాను. ఆ రాత్రి అన్నం కూడా బాగానే తిన్నాను. శుక్రవారం పొద్దున చాయలో బిస్కెట్టు ముంచి ఇవ్వబోతే, కండె నా చేతి దాకా రాలేక మధ్యలో పడింది. పడి, మూతి నేలకు ఆనించి, అక్కడి నుంచే తోక ఊపింది. నా చేతిలో బిస్కెట్టు మెత్తబడి నేల మీద పడిపోయింది.

శనివారం పొద్దున్నే, నేనే జగిత్యాలకు వస్తున్నానని బిడ్డకు ఫోన్ చేసి, కుక్కను తీసుకోకుండా బస్సెక్కాను. హాస్టల్ బయట చాయ్ హోటల్ ముందుకు వచ్చి బిడ్డ నా వెనక్కి చూసింది. "కండె ఏది బాపూ?" నేను కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

 ఆమె అడిగింది: "ఎన్ని రోజులు?"

"ఐదు."

"ఐదు రోజులు నేను అడిగిన గద. ఏసిన అంటివి గద."

"అన్న."

"మేడం ముందట నేనేమన్న బాపూ?"

 అది జవాబు కోసం అడిగిన మాట కాదు. ఫోన్ కలిపి నా చేతికిచ్చి, "నువ్వే జెప్పు" అంది. డాక్టరమ్మ అంతా విన్నది. "శాన మంది గిట్లనే జేస్తరు. కని నాకు చెప్పాలె గదా పెద్దాయినా. నేను మందు ఇచ్చేది సగం కుక్కను చూసి, సగం మీ మాట విని" అంది. తిట్టినా బాగుండేది. పెంచిన డోసును, రెండో మందును మెల్లమెల్లగా ఎట్లా తగ్గించాలో చెప్పింది, బిడ్డ రాసుకుంది. చాయ్ వచ్చింది. ఇద్దరం తాగలేదు.

ఆ సాయంత్రం ఏడింటికి వీడియో ఫోన్ వచ్చింది. "గోలి సూపియ్యి." చూపించాను. "ఎయ్యి." వేశాను. "నోరు తెర్వు దానిది." తెరిచాను. బాపూ అనలేదు. ఫోన్ పెట్టేసింది. పొద్దున ఏడింటికి మళ్లీ అంతే. పనివాళ్లు చూసి మళ్లీ నవ్వారు, ఈసారి తగల్లేదు.

తర్వాత అక్కకు కూడా చెప్పాను. నీ మాట వల్లే అన్నట్టు ఒక చిన్న ముల్లు గుచ్చకుండా ఉండలేకపోయాను. అక్క ఊరుకోలేదు. "నేను మోకాళ్ల నొప్పులకు రాజన్నకు ఎన్ని మొక్కులు మొక్కిన? నా గోలీలు నేను ఏస్కుంటలేనా? బుద్ధి లేనోడా, నన్ను ఒక్కమాట మళ్ల అడిగినవా?" అంది. అడగలేదు. అడిగితే వెయ్యమంటుందని నాకు తెలుసు.

రెండు నెలలకు కండె కాళ్లు నిలిచాయి. పేరు పిలిస్తే తిరిగి చూసింది. ఫిట్స్ పూర్తిగా పోలేదు. రెండు మూడు నెలలకోసారి వచ్చేవి. వచ్చినప్పుడు లైటు తీసి, తల కింద గుడ్డ పెట్టి, సమయం చూస్తూ కూర్చోవడం నేనూ నేర్చుకున్నాను. వీడియో ఫోన్లు దాదాపు ఏడాది నడిచాయి. ఒక సాయంత్రం రాలేదు. గోలి చేతిలో పట్టుకొని ఏడున్నర దాకా చూశాను. మరునాడు అడిగితే "పరీక్షలు బాపూ, తీరుతలేదు" అంది. తర్వాత ఇక రాలేదు. నన్ను నమ్మిందో, అలసిపోయిందో నేను అడగలేదు. కండె ఆ తర్వాత ఐదేళ్లు బతికింది. ఒక చలికాలం పొద్దున ముసలితనంతో, మూర్ఛ లేకుండా పోయింది. అప్పుడు ఇద్దరం కలిసే గుంత తవ్వాం.

బిడ్డ ఇప్పుడు జగిత్యాలలోనే ఉద్యోగం చేస్తోంది. నన్ను బాగానే చూసుకుంటుంది, నవ్వుతుంది, పోట్లాడుతుంది. ఒక్కటే తేడా. అన్నం తిన్నవా బాపూ అని అడుగుతుంది, తిన్న అంటాను. అప్పుడు ఫోనులో ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంటుంది. తర్వాత మాట సాగుతుంది. ముందు ఆ క్షణం ఉండేది కాదు. తనకు తెలుసో తెలియదో కానీ, నాకు ప్రతిసారీ వినిపిస్తుంది. అది ఏమైనా చిన్నదవుతోందా అని ఇన్నేళ్లుగా చెవి పెట్టి వింటున్నాను. ఏళ్లు ఎంత తొందరగా దొర్లిపోయినా, ఆ క్షణం మాత్రం అంతే ఉంది.